మధ్యమం దించిన కచేరి

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. చెంబుడు నీళ్లు కనబడితే చెరువు నిండిందని రాస్తాను. మా పెదనాయన విషయంలో మాత్రం ఎంత పెంచినా అసలుకు అందుకోలేకపోతున్నాను.

బుక్కరాయసముద్రంలో ఆయనకు బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగడి ఉంది. తిండి పెట్టేది అది. ఆయన చేసే పని మాత్రం కీర్తనలు కట్టడం. మోటారు బాగైందో లేదో చూడటానికి స్విచ్చి వేస్తాడు. అది రొద పెట్టగానే దాన్నే శ్రుతిగా పట్టుకుని పల్లవి అందుకుంటాడు. చరణం పూర్తయ్యేదాకా స్విచ్చి ఆపడు. బాగుపడిన మోటారు అక్కడే మళ్లీ కాలిపోతుంది. కర్ణాటక సంగీతానికి మా రైతులు ఇచ్చినన్ని మోటార్లు ఏ మహారాజూ ఇచ్చి ఉండడు.

అలా గంపలకొద్దీ కీర్తనలు కట్టాడు. వాటిని పాడినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు ఆయన, రెండోవారు జలుబు చేసినప్పటి ఆయన.

అలాంటిది, అరవై దాటాక, మొన్నటి కార్తీకంలో శివాలయం మంటపంలో ఆయన మొదటి కచేరి ఖాయమైంది. అందులో ప్రధానమైనది అమృతవర్షిణి రాగంలో ఏళ్ల తరబడి చెక్కిన కీర్తన. అదొక్కటి నలుగురి ముందు పాడితే తన జన్మకు చాలునన్నాడు. ఆ రాగం పాడితే వాన కురుస్తుందని ప్రతీతి. ఆ సంగతి ఊరంతా గొప్పగా చెప్పుకుని తిరిగాడు. అక్కడే చెడింది.

వేరుశనగ మొక్కలు పీకి, కాయలతో ఉన్న ఆ కట్టెను చేలల్లో ఆరేసిన వారం అది. ఏడాది పొడవునా మబ్బు కోసం మెడలు పట్టేసేలా చూసే మేము, ఆ ఒక్క వారం మబ్బు కనబడితే రాళ్లు రువ్వుతాం. కచేరి రోజు పొద్దున్నే గుడి పెద్ద అంగడికి వచ్చాడు. ఆయన పెద్ద రైతు, మైకు ఇప్పిస్తున్నవాడూ ఆయనే.

"అన్నా, సాయంత్రం ఆ వాన పాట పాడొద్దు."

"ఏమప్పా? ఎండల్లో పాడతానంటే మైకియ్యకపోతివి!"

"అప్పుడు నీ పాటకు వానొస్తాదని ఎవురికి తెలుసు?"

"ఇప్పుడెట్ల తెలిసె?"

"తెలీదన్నా. అందుకే భయం. కట్టె తడిస్తే కాయంతా బూజు పడతాది."

పెదనాయన ముఖంలో అవమానం, ఆనందం కుస్తీ పట్టాయి. జీవితంలో మొదటిసారి ఒకడు ఆయన సంగీతానికి భయపడ్డాడు, అదీ వినకుండానే! చాలాసేపు తీగ చుట్టి చుట్టి, చివరికి అన్నాడు.

"సరే. దాంట్లో మధ్యమాన్ని, అదే 'మ' స్వరాన్ని, ఒక మెట్టు దించుతా. గంభీరనాట రాగమైపోతాది. దానికీ వానకూ సంబంధం లేదు."

"ఒక మెట్టు చాలునా? ఇంగో మెట్టు దించన్నా, అనుమానమెందుకు!"

సాయంత్రం మంటపం కిటకిటలాడింది. జనం వచ్చింది వినడానికి కాదు, కాపలాకు. తూర్పున నల్లటి మబ్బు, ఏనుగంత. కాదు, ఏనుగుల సంతంత. పెదనాయన స్వరాలు వేసే వేడిలో, గొంతు పాత అలవాటు కొద్దీ ఒక్కసారి జారి పైమెట్టు మధ్యమాన్ని తాకింది. ఫిడేలాయన ఉలిక్కిపడ్డాడు. ఆయన్ని చూసి సభంతా మబ్బు వైపు తలలెత్తింది. ఇద్దరు కట్టె మీద కప్పే పట్టలు తీసుకుని చేల వైపు పరుగెత్తారు. రెండెకరాలున్న మృదంగమాయన కూడా లేవబోయి, తాళం గుర్తొచ్చి కూర్చున్నాడు.

వాన రాలేదు. గుడి పెద్ద శాలువా కప్పి మైకు అందుకున్నాడు. "మా అన్న ఎంత బాగా పాడినాడంటే, ఒక్క చుక్క పడలేదు!" చప్పట్లు మారుమోగాయి.

ఇంటికి నడుస్తూ అడిగాను. "అసలుది పాడలేకపోతివే, బాధ లేదా పెదనాయనా?"

"ఎందుకుండదు రా? కానీ ఇంతమంది నమ్మినారు. పాడినాక వాన రాకపోయింటే?"

ఇందులో నేను కల్పించింది ఆ గొంతు జారడం ఒక్కటే. ఉలికిపాటూ పరుగులూ దాని వెంట వచ్చినవే. నిజానికి ఆయన ఒక్క స్వరం తప్పలేదు. ప్రతిసారీ ఆ మధ్యమం అంచుదాకా వెళ్లి, చేల వైపు చూసి, కిందిది పాడి వెనక్కి వచ్చాడు. పక్కన తాళం వేస్తూ కూర్చున్న నాకే, ఒక్కసారన్నా జారితే బాగుండుననిపించింది. అందుకే జార్చాను.