పొయ్యి ముందరి గరుకు బండ

నా చిన్నప్పుడు, అంటే ఏడో ఏడు వచ్చేదాకా, మా నాయినమ్మకు కళ్లు కనిపించవన్న సంగతి నాకు తెలియదు. చెబితే నమ్మరుగానీ నిజం. ఒకే ఇంట్లో ఉండి, ఆమె చేతి ముద్దలు తిని, ఆమె పక్కనే పడుకుని కూడా తెలుసుకోలేకపోయాను. నన్ను మొద్దు అనుకుంటే అనుకోండి, కాదనను. కానీ అందులో నా మొద్దుతనం కంటే మా తాత పనితనమే ఎక్కువ.

మాది తరిగొప్పుల దగ్గర ఒక పల్లె. మా తాత సుతారి, అంటే ఇళ్లు కట్టే మేస్త్రీ. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చెయ్యి పడని గోడ తక్కువ. మా బాపు చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే నాయినమ్మకు చూపు మసకబారడం మొదలైందట. మందులయ్యాయి, మొక్కులయ్యాయి. ఇక లాభం లేదని తేలాక, ఆ మిగిలిన కాస్త చూపు కూడా పోయేలోగా, మా తాత ఊరి పనులన్నీ పక్కన పెట్టి మా ఇంటినే లోపలి నుంచి మళ్లీ కట్టాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన కథ.

నేనెరిగిన నాయినమ్మ మాత్రం తెల్లవారి లేచింది మొదలు ఇల్లంతా బొంగరంలా తిరిగేది. పొయ్యి ముట్టించేది, జొన్న గట్క వండేది, నీళ్లు మోసేది, ఇసుర్రాయి ముందు కూర్చుని పప్పు విసిరేది. బాపు, అమ్మ చేనుకు పోతే ఇల్లూ నేనూ ఆమె చేతిలోనే. ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు ముఖం తిప్పి నవ్వేది. వాకిలి దాటి ఒంటరిగా పోయేది కాదు. పెద్దవాళ్లు అంతేనేమో అనుకున్నాను. మా ఇంట్లో ఒక్కటే కట్టుబాటు ఉండేది. ఏ వస్తువైనా తీసిన చోటే పెట్టాలి, నేల మీద ఏదీ వదలకూడదు. పలక నడిమింట్లో పడేస్తే మా తాత కళ్లెర్రజేసేవాడు. ముసలాయనకు చాదస్తం అనుకునేవాణ్ని.

ఒకరోజు బడిలో నా పక్కన కూర్చునే పిల్లవాడు "మీ నాయినమ్మ గుడ్డిదట గద?" అన్నాడు. వాడితో కలబడి, చొక్కా చింపుకుని ఇంటికి వచ్చాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన, వాడిది అబద్ధమని ఎలా తేల్చాలా అని. ఇంట్లో ఇంకెవరూ లేరు. నాయినమ్మ మూలన నీళ్లు వాడుకునే జాలారి దగ్గర బిందె నింపుకుంటోంది. నేను ముక్కాలిపీట తెచ్చి, ఆమె వంటింటికి పోయే దారికి సరిగ్గా మధ్యలో పెట్టి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. చూసి పక్కకు తప్పుకుని పోతుందనే నా నమ్మకం.

తప్పుకోలేదు. బిందె చంకన పెట్టుకుని ఎప్పటిలా చకచకా నడిచి వచ్చి, పీట తగిలి బోర్లా పడింది. నుదురు చిట్లింది. నీళ్లు నా పాదాల దాకా పారాయి. నాకు రెండు మూరల దూరంలో ఆమె తల ఎత్తి సూటిగా నావైపే చూసింది.

"ఎవలన్న ఉన్నరా ఈడ? బిడ్డా, వచ్చినవా?"

ఊపిరి బిగబట్టాను. ఆ కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి, నేను మాత్రం వాటిలో లేను. ఆమె చేత్తో నేల తడిమి పీటను పట్టుకుంది. అదేమిటో తెలిశాక దాన్ని గోడవారకు జరిపి, మళ్లీ బిందె కోసం తడుముకుంది. నేను పలకలేదు. పీట పెట్టినందుకు కాదు, ఆ పలకకపోవడం తలుచుకుంటేనే ఇన్నేళ్ల తర్వాత కూడా సిగ్గుతో తల వాలిపోతుంది.

సందె వేళకు తాత వచ్చాడు. ఆమె నుదుటి కట్టు చూశాడు, నా చినిగిన చొక్కా చూశాడు, గోడవారన ఉన్న పీట చూశాడు. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన తలకు చుట్టిన రుమాలు విప్పి నా కళ్లకు గట్టిగా కట్టి, నడిమింట్లో నిలబెట్టి, రెండు చుట్లు తిప్పి వదిలేశాడు.

"వంటింట్లకు పోయి ఉప్పు తే. తొవ్వ నన్ను అడగకు, నీ కాళ్లను అడుగు."

మొదట పోయి గోడకు గుద్దుకున్నాను. ఏడ్చాను. ఆయన కదల్లేదు. అలా గోడను పట్టుకుని ఏడుస్తుంటే వేళ్లకు ఒక గాడి తగిలింది. రోజూ చూసే గోడే, ఆ గాడిని మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు. దాని వెంబడి పోతే వంటింటి దర్వాజకు జానెడు ఇవతల అది ఆగిపోయింది. అక్కడ నేలలో పొదిగిన గులకరాళ్ల వరుస అరికాలికి తగిలింది. మా ఇంట్లో లోపలి గదులకు గడపలు ఉండేవి కావు. గడప లేని ఇల్లేమిటని ఊళ్లోవాళ్లు మా తాతను ఆటపట్టించేవారు. ఆ గడపల బదులే ఈ రాళ్లన్నమాట. లోపలికి నాలుగడుగులు వేశాక కాలి కింద నున్నటి బండ పోయి, ఉలి గాట్లు పెట్టిన గరుకు బండ వచ్చింది. ఆగిపోయాను. ముఖానికి వేడి కొట్టింది. ఇంకొక్క అడుగు వేస్తే పొయ్యిలోనే. ఆ బండ మీద నిలబడి, మునివేళ్ల మీద లేచి ఎడమ చెయ్యి చాపితే, అది నేరుగా గూట్లోకి పోయి ఉప్పు పోసిన చిన్న మట్టి గురిగిని తాకింది.

ఉప్పు తెచ్చి ఇచ్చాక తాత కట్టు విప్పాడు.

"ఊరందరికి కండ్ల కోసం ఇండ్లు కట్టిన బిడ్డా. మీ నాయినమ్మకు కాళ్ల కోసం కట్టిన. గీ ఇల్లే ఆమె కండ్లు. నువ్వేమో పోయి ఆమె కంట్ల పీట పెట్టినవ్."

నేను నాయినమ్మ ఒళ్లో తల పెట్టి, పీట నేనే పెట్టానని చెప్పాను. ఆమె నా జుట్టు నిమిరింది. "ఎరికే బిడ్డా. నీ ఊపిరి ఇనవడ్డది. అడిగితే పలుకుతవేమో అనుకున్న" అంది.

ఆ తర్వాత చాలా రోజులు కళ్లు మూసుకుని ఇల్లంతా తిరగడం నాకు ఆట అయింది. తిరిగిన కొద్దీ ఇల్లు కొత్తగా తెలిసింది. ఇసుర్రాయి దగ్గర పడమటి గోడకు పిడికెడంత కంత ఉండేది. పొద్దు వాలేటప్పుడు అందులోంచి ఎండ వచ్చి అక్కడ కూర్చున్నవాళ్ల చెంప మీద పడేది. నేను బడి నుంచి వచ్చే వేళకు నాయినమ్మ ఎలా సిద్ధంగా ఉండేదో అప్పుడు అర్థమైంది. జాలారి వైపు పోతుంటే నేల కాస్త వాలుగా, అడుగు తనంతట తానే నెమ్మదించేలా ఉండేది. ఇంత పని చేసి మా తాత ఎన్నడూ ఎవరితోనూ చెప్పుకోలేదు.

అక్కడితో కథ అయిపోతే నాకు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

తాత పోయాడు. నేను పెద్దవాణ్నయ్యాను, బొగ్గుబాయిలో కొలువు దొరికింది. ఒకసారి భూమి లోపల నా టోపీ లైటు ఆరిపోయింది. చుట్టూ కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. భయపడలేదు. బొగ్గు టబ్బులు నడిచే ఇనుప పట్టాను బూటు అంచుతో తాకుతూ, గాలి ఏ చెంపకు తగులుతోందో చూసుకుంటూ మనుషులున్న చోటికి చేరాను. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని తోటివాళ్లు అడిగితే మా తాత నేర్పాడని గొప్పగా చెప్పుకున్నాను. చెప్పుకుని ఆరు నెలలు తిరగకుండానే ఇప్పుడు చెప్పబోయే పని చేశాను.

మానుకోట వైపు సంబంధం కుదిరింది. వాళ్లది కొత్త ఇల్లు. మాదేమో మట్టి గోడలు, వంకర బండలు, గడపలు లేని గదులు. చేతిలో నాలుగు రాళ్లు ఆడుతున్నాయి. ఆ రోజుల్లో ఎర్రగచ్చు అంటే పెద్ద ముచ్చట. సిమెంటులో ఎర్రరంగు కలిపి, నునుపు తేలేదాకా రుద్ది చేసే నేల అది. జనగామ పోయి రంగు తెచ్చాను. నాయినమ్మను మొగుళ్లపల్లిలో మా మేనత్త ఇంటికి పంపాను. మా బాపు ఒక్క మాటే అడిగాడు.

"అవ్వను అడిగినవారా?"

"అడిగితే వద్దంటది బాపూ. అయినంక సూసి సంబురపడ్తది."

బాపు నా ముఖంలోకి అదోలా చూశాడు. నేనన్న మాటలో తప్పేమిటో నాకు తట్టనేలేదు.

బండలు పెకలించాను. గాడిని సిమెంటుతో పూడ్చాను. గులకరాళ్లు తీయించి, గది గదికీ టేకు గడపలు పెట్టించాను. కరెంటు బల్బు వచ్చింది కదా అని పడమటి కంత మూయించాను. తెలియక చేశానని చెప్పి తప్పించుకోను. తెలుసు. కళ్లకు గంతలు కట్టుకుని నేర్చుకున్నవాణ్ని, నాకు తెలియకపోవడమేమిటి? కొత్త కోడలు వస్తుంది, అన్నీ చేతికందిస్తుంది, నాయినమ్మ ఇక నడవాల్సిన పనేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆమె తిరిగొచ్చిన రోజు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. మూడడుగులు వేసి ఆగింది. కుడి పాదాన్ని నేల మీద అటూ ఇటూ రుద్దింది.

"ఇదెవలిల్లు బిడ్డా?"

"మనదే నాయినమ్మా! గచ్చు చేయించిన. అద్దమోలె ఉన్నది."

"అద్దం నాకెందుకు బిడ్డా" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. తర్వాత గోడ వైపు చెయ్యి చాపి కాసేపు తడిమింది. ఆ చెయ్యి దేని కోసం వెతుకుతోందో తెలిసి కూడా నేను చూస్తూ నిలబడ్డాను. చివరికి వాకిలి పక్కన మంచం వేయమని అడిగింది.

ఆ మంచం మీదే ఉండిపోయింది. నా భార్య మంచిది, కంచం చేతికిచ్చేది, చెయ్యి పట్టి తీసుకెళ్లేది. అంతకుముందు చుట్టాలు వస్తే నాయినమ్మ వంట మెచ్చుకునేవారు. ఇప్పుడు ఆమె ముందు నిలబడి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడి, అయ్యో పాపం అని పోయేవారు. చూపు పోయిన నలభై ఏళ్లకు, నా గచ్చు వల్ల, మా నాయినమ్మ గుడ్డిది అయింది.

పీకిన బండలు తలా ఒకరు పట్టుకుపోయారు. గరుకుగా ఉందని పొయ్యి ముందరి బండను మాత్రం పెరట్లో బట్టలుతకడానికి వేసుకున్నాం. రెండేళ్ల తర్వాత ఒక పొద్దున నేను నాయినమ్మను పెరట్లోకి నడిపిస్తుంటే ఆమె కాలు ఆ బండ మీద పడింది. ఠక్కున ఆగిపోయింది. నా చెయ్యి వదిలేసింది. రెండు కాళ్లూ బండ మీద కుదురుగా పెట్టుకుంది. ముఖం వెలిగిపోయింది.

"పొయ్యికాడికి వచ్చిన" అంది.

ఎడమ చెయ్యి గూడు ఉండే చోటికి చాపింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా కిందికి దిగింది. కాళ్ల మీద పడి, అన్నీ మళ్లీ పెట్టిస్తా నాయినమ్మా అని ఏడ్చాను.

మర్నాడే గచ్చు పగలగొట్టి ఆ బండను పొయ్యి ముందు పెట్టాను. ఆమెను తీసుకొచ్చి నిలబెట్టాను. "గిది జర అవుతలికుండె" అంది. ఎంత అవతలికని అడిగితే చెప్పలేకపోయింది. మా తాత కొలత టేపుతో పెట్టింది కాదు, ఆమె అడుగులతో పెట్టింది. రెండేళ్లుగా నడవని ఆ కాళ్లు ఇప్పుడు భయంభయంగా, చిన్నచిన్నగా పడుతున్నాయి. నా చెయ్యి పట్టుకుని, "మంచం కాడికి తీస్కపో బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు" అంది. ఆమె ఆ చలికాలం దాటలేదు.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో ఉంటున్నాను. నా కొడుకు ఇంటినిండా మెరిసే టైల్స్ వేయించాడు. డాక్టరు నా కళ్లలో చుక్కలు వేస్తూ, ఉన్న చూపును కాపాడుకోవాలి పెద్దాయనా అంటున్నాడు. ఆ బండను ఊరి నుంచి తెచ్చి వంటింటి వెనక గుమ్మం ముందు వేసుకున్నాను. కాళ్లకు గీసుకుంటోంది, తీసేద్దాం తాతా అని మా మనవరాలు గొడవ చేస్తుంది. దానికి ఈ కథ ఇంకా చెప్పలేదు. పొద్దున్నే లేచి ఆ బండ మీద నిలబడి కళ్లు మూసుకుంటాను. అరికాలికి మా తాత ఉలి గాట్లు తగులుతాయి. "బిడ్డా, వచ్చినవా?" అని నాయినమ్మ అడిగినట్టే ఉంటుంది. ఆ రోజు పలకలేదు కదా, ఇప్పుడు రోజూ పలుకుతాను. వచ్చిన నాయినమ్మా అని.