ఇంజనుకు సింథటిక్, ఒంటికి నూలు

మొన్న మధ్యాహ్నం కరెంటు పోగానే మా వీధి చివర జ్యూస్ షాపులో చిన్న జనరేటర్ వేశారు. తాడు లాగిన చప్పుడు, ఒక దగ్గు, ఆ తర్వాత నిలకడగా డగడగమనే మోత. కిటికీలోంచి కిరసనాయిలూ, వేడెక్కిన ఇంజనాయిలూ కలిసిన వాసన వచ్చింది. ఎవరైనా ముక్కు మూసుకునే వాసనే అది. నాకు మాత్రం నవ్వొచ్చింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, జనరేటర్ పక్కన గొంతుక్కూర్చుని, ఆయిలు కొలిచే పుల్లను ఎండకెత్తి చూసే హబీబా ఆపా కళ్ళముందు నిలబడ్డారు.

విజయవాడ వన్‌టౌన్‌లో ఆవిడకు షామియానాలు, లైట్లు, జనరేటర్లు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. షామియానాల సంగతి ఆవిడ భర్త రహీం గారు చూసేవారు. జనరేటర్లు మాత్రం ఆపావే. పనివాళ్ళందరూ ఆవిణ్ణి అక్క అనే అర్థంలో ఆపా అనేవారు. తొంభైల చివర్లో, డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం కోసం తిరుగుతున్న నన్ను మా నాన్న అక్కడికి తీసుకెళ్ళారు. పామర్రులో మా చర్చి పండగలకు లైట్లు ఆ దుకాణం నుంచే వచ్చేవి. ఆపా నా సర్టిఫికెట్ల వంక చూడనైనా లేదు.

“చేతులు నల్లబడితే ఏడుస్తావా అమ్మాయ్?” అని అడిగారు.

“కడుక్కుంటానండీ.”

“అయితే రేపట్నుంచి రా.”

ఆ వేసవిలోనే ఒక పెళ్ళిలో, వంటశాల పొయ్యిల పక్కన పెట్టిన మా జనరేటర్ వేడికి పట్టేసి ఆగిపోయింది. తలంబ్రాలు పెట్రోమాక్సు దీపాల వెలుతురులో పోసుకున్నారు. పెళ్ళివాళ్ళు ఏమీ అనలేదు గానీ, ఆపాకి రెండు రోజులు అన్నం సయించలేదు. మస్కట్‌లో పనిచేసే ఆవిడ తమ్ముడు ఫోన్లో సంగతంతా విని, ఆ ఎండల్లో తాము సింథటిక్ ఆయిలే వాడతామనీ, ఎంత వేడెక్కినా అది నీళ్ళలా పలచబడదనీ చెప్పాడట. మర్నాడే ఆపా ఊరంతా వెతికి డబ్బాలు తెప్పించారు.

రహీం గారు పగలబడి నవ్వారు. “మంగళగిరి నూలు తప్ప సింథటిక్ చీర ముట్టుకోవు. జనరేటర్‌కి మాత్రం సింథటిక్ పోస్తావా?”

“నేను చీర కట్టుకుని ఊరికే కూర్చుంటాను. అది పొద్దుటినుంచి సాయంత్రం దాకా పరిగెత్తాలి. ఎవరికి తగ్గది వాళ్ళకి!” అన్నారావిడ.

ఉత్సాహం కొద్దీ ముందు అన్నింటికంటే పాత జనరేటర్‌లో పోశారు. తెల్లారేసరికి అరిగిపోయిన రబ్బరు సీళ్ళలోంచి కారి కింద మడుగు కట్టింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆపాయే. “ముసల్ది, దాని అలవాటు మార్చాలని చూశాను, నాదే తప్పు” అంటూ దానికి మళ్ళీ మామూలు ఆయిలు పోయించారు. కొత్తగా కొన్న జనరేటర్‌కి తొందరపడలేదు. మెకానిక్ చెప్పినట్టు మొదట మామూలు ఆయిలుతో తిప్పి, ఇంజను సర్దుకున్నాకే సింథటిక్‌కి మార్చారు. తెలియనిది అడగడానికీ, అడిగి పొరబడితే నవ్వుకోవడానికీ ఆవిడకు సిగ్గుండేది కాదు.

మరుసటి మే నెలలో మంగళగిరి నేతగాళ్ళకు కంటి పరీక్షల శిబిరం పెట్టారు. ఒక ట్రస్టువాళ్ళ వ్యాను వచ్చింది. పరీక్ష గది, అద్దాలు అరగదీసే యంత్రం అన్నీ అందులోనే. దాని వెనక పెట్టెలో బిగించిన జనరేటర్ మొదటి రోజే మొరాయించింది. మగ్గం పని మానుకుని వచ్చినవాళ్ళు వట్టి చేతులతో వెనక్కి వెళ్ళారు. మర్నాడూ అంతే అయితే శిబిరం ఎత్తేస్తామని డాక్టరు గారు మా దుకాణానికి ఫోన్ చేశారు. పొద్దున్నే ఆపా, నేను మా కొత్త జనరేటర్‌తో వెళ్ళి దాన్ని ఆ పెట్టెలో బిగించాం. ఇనుప పెట్టె, పైన ఎండ. చెయ్యి పెడితే చుర్రుమంటోంది. అయినా మోతలో తేడా రాలేదు. మధ్యాహ్నానికి వరస సగం తగ్గింది. అప్పుడు ఆపా ఇంజను ఆపేశారు. జనం గోల పెట్టారు.

“బాగానే నడుస్తోంది కదా ఆపా! మంచి ఆయిలే పోశాం కదా!” అన్నాను కంగారుగా.

“మంచిది పోశామని చూడ్డం మానేస్తామా?” అంటూ పుల్ల తీశారు. ఆయిలు అడుగు గీతకు దిగిపోయి ఉంది. ఇంకాసేపు అలాగే నడిపితే మా గతీ నిన్నటి జనరేటర్ గతే అయ్యేది. కాస్త చల్లారనిచ్చి ఆయిలు పోశాం. ఆలోగా వరసలో ఉన్న ముసలివాళ్ళకి ఆపా తనే తిరిగి మజ్జిగ ఇచ్చారు.

సాయంత్రం ఒక పెద్దావిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని వ్యాను దిగింది. చేతులు చూసుకుంది. ఆకాశం చూసింది. ఆపా దగ్గరికొచ్చి చీర అంచు పట్టుకుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. “ఎవరమ్మా నేసింది? ఇక్కడొక పోగు తప్పాడు!” అంది.

“కళ్ళజోడు పనిచేస్తోంది డాక్టరు గారూ!” అని ఆపా కేక పెట్టేసరికి వరసంతా ఒకటే నవ్వులు.

వస్తువులు సర్దుకుంటుంటే డాక్టరు గారు అడిగారు, “ఈ అమ్మాయిని మా వ్యాను చూసుకోడానికి పంపుతారా?”

“అద్దెకివ్వడానికి తనేమన్నా జనరేటరా అండీ? తననే అడగండి.”

ఆలోచించి చెప్తానన్నాను. తిరుగు ప్రయాణంలో “నేను వెళ్తే ఇక్కడెవరు చూస్తారు ఆపా?” అన్నాను.

“నువ్వు రాకముందు మేం చీకట్లో కూర్చున్నామా ఏంటి? వెళ్ళు సుగుణా. వ్యాను ఊళ్ళన్నీ తిరుగుతుంది. నువ్వూ తిరుగు” అని నవ్వారు.

కృష్ణా డెల్టాలో ఆ వ్యాను వెళ్ళని ఊరు లేదనిపించేంతగా తిరిగాను. ఇప్పుడు ఆ ట్రస్టు వ్యాన్లన్నీ నా చేతికిందే నడుస్తున్నాయి. ఆపా పోయి చాలా ఏళ్ళయింది. కిందటి నెల, అన్ని పనుల్లోనూ నాకు కుడిభుజంలాంటి నర్సు వచ్చి, పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని భయపడుతూ చెప్పింది. ఉండిపొమ్మని అడగబోయాను. ఆ మాట మింగేసి, “వెళ్ళమ్మా, ఇక్కడ నేనున్నాగా” అని నవ్వాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆనాడు మంగళగిరి నుంచి వస్తూ ఆపా ఎంత కష్టపడి నవ్వారో నాకు అప్పుడు తెలిసింది.