చిన్నమ్మ పేరు రాయని పాలసీ

మేట్టుపాళయంలో ఒక షెడ్డు బాడుగకు తీసుకుని పేపర్ కప్పుల మిషను పెట్టినాను. పని మొదలుపెట్టే ముందే ఇన్సూరెన్స్ చేసుకోమని అందరూ నా ప్రాణం తీసినారు. సరేనని లాస్‌పేట నుంచి ఏజెంటును పిలిపించినాను. మనిషి మర్యాదస్తుడే. కానీ మిషను ఇంకా దిగని ఖాళీ షెడ్డులో నిలబడి నిప్పు యాడనుంచి రావచ్చో, వాననీళ్ళు ఎంత ఎత్తుకు ఎక్కవచ్చో చేత్తో చూపిస్తా ఉంటే నాకు ఒళ్ళు జలదరించింది. నేనింకా టెంకాయ కూడా కొట్టలేదు, ఆయన లెక్కన అప్పుడే అంతా మునిగిపోయింది!

తర్వాత పనివాళ్ళ పాలసీ తీసినాడు. అందులో ఒక పట్టిక. బొటనవేలు పోతే ఇంత, చూపుడువేలు పోతే ఇంత, ఒక కన్నయితే ఇంత. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు చదువుకుంటా పోయినాడు. "మిషను దగ్గర కూర్చునే వాళ్ళందరి పేర్లూ రాయండి మేడం. పేరు లేనివాళ్ళకు ఏమీ రాదు" అన్నాడు.

ఉండేది నలుగురు ఆడవాళ్ళు. ముగ్గురు బయటివాళ్ళు, నాలుగో మనిషి మా చిన్నమ్మ, అమ్మకు సొంత చెల్లెలు. మొగుడు లేడు, పిల్లల్లేరు, ఉప్పళంలో మా ఇంట్లోనే ఉంటాది. ఆమెకున్న ఆస్తంతా ఆ రెండు చేతులే. మా ఇండ్లలో చెడ్డమాట పక్కన మనవాళ్ళ పేరు ఎత్తరు. నోరు జారితే "తథాస్తు దేవతలు వింటారే!" అని మూతి మీద కొడతారు. ముగ్గురి పేర్లూ గబగబా రాసేసినాను. నాలుగో గీత దగ్గర పెన్ను ఆగిపోయింది. తెగిన వేళ్ళ కింద చిన్నమ్మ పేరా? ఛీ ఛీ! అట్నే వదిలేసి సంతకం పెట్టినాను.

ఆ రోజు నుంచి షెడ్డులో నాకు చేతులే కనబడేవి. మిషను టక్కు టక్కుమంటా ఉంటే ఆ ముగ్గురి చేతులే చూస్తా కూర్చునేదాన్ని. మధ్యాన్నం వాళ్ళు అన్నం కలుపుకుంటా ఉంటే కూడా వేళ్ళు ఎంచేదాన్ని. ఏమన్నా అయితే నా రాతవల్లే అని ఒకటే దడ. చిన్నమ్మ వైపు మాత్రం చూసేదాన్నే కాదు. ఆమెకేం కాదులే అని ధైర్యం.

మూడో వారం, పట్టపగలు, మిషను శబ్దం ఉన్నట్టుండి మారింది. నేను చూస్తా ఉన్నది ఆ ముగ్గురినే. ఆరు చేతులూ బయటే ఉన్నాయి. మెల్లిగా తల తిప్పినాను. చిన్నమ్మ అరవలేదు. తన చెయ్యి యాడ పెట్టిందో మరిచిపోయినట్టు చూస్తా ఉంది.

రెండు వేళ్ళు పోయినాయి. ఆసుపత్రి బెంచీ మీద కూలబడి, "పేరు రాస్తే చిన్నమ్మకు ఏమన్నా అయితాదని భయపడి రాయలేదే, ఇప్పుడు ఆమెకు ఏమీ రాదే!" అని భోరున ఏడ్చినాను. మాతో వచ్చిన పనిపిల్ల, ఆ ముగ్గురిలో చిన్నది, రక్తం అంటిన కొంగు పట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. తర్వాత నెమ్మదిగా, కోపం లేకుండా అడిగింది.

"మా పేర్లు రాసేటప్పుడు భయం వెయ్యలేదా అక్కా?"

వేసిందని అబద్ధం చెప్పినాను.