ఒకటి తీసి చెప్పే కొలత

మా బావని వీధంతా గాలి మేస్త్రి అంటుంది. కోతలు కోస్తాడని కాదు, బండ్లకి గాలి సస్పెన్షన్ బాగుచేస్తాడని. తెలియనివాళ్ళు మొదటిసారి విని నవ్వుతారు. ఆయనా నవ్వి, "గాలి పని నాది, గాలి కబుర్లు మా బామ్మర్దివి" అని నన్ను చూపిస్తాడు. షెడ్డు మా ఇద్దరిదీ. మా అక్కని పెళ్ళి చేసుకున్నప్పటి నుంచీ నాకు పని నేర్పిందీ ఆయనే, నలుగురిలో తిట్టిందీ ఆయనే. ఆ షెడ్డు తప్ప ఆయనకి వేరే లోకం లేదు. సెలవు రోజున ఇంట్లో ఉంటే అక్క తల తినేస్తాడు. మధ్యాహ్నం కాకుండానే అక్క నాకు ఫోన్ చేసి, "ఏదో ఒక బండి వచ్చిందని చెప్పి పిలిపించుకోరా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలేది.

ఆ పనేమిటో కాస్త చెప్పాలి. కొండదారుల్లో తిరిగే పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కొన్నిటికి ఇనప స్ప్రింగులు ఉండవు. నాలుగు చక్రాల దగ్గరా రబ్బరు గాలి తిత్తులుంటాయి. ఒక్కోదాని పక్కన ఒక్కో సెన్సార్ ఉండి, ఆ మూల ఎంత ఎత్తులో ఉందో బండిలోని కంప్యూటరుకి చెబుతూ ఉంటుంది. ఏదైనా మార్చినప్పుడు ఆ కంప్యూటరుకి మళ్ళీ అఆల నుంచి నేర్పాలి. చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి, నాలుగు కొలతలూ లాప్‌టాప్‌లో కొట్టాలి. క్యాలిబ్రేషన్ అంటే అదే. పాపం, దానికి సొంత తెలివి లేదు. మనం ఏది చెబితే అదే నిజమనుకుంటుంది.

కొలవడంలో మా షెడ్డుకి ఒక పద్ధతి ఉంది. టేపు కొసనుండే కొక్కెం వదులై ఊగుతుందనీ, ఆ ఊగుడంతా కొలతలో చేరుతుందనీ బావకి పెద్ద అనుమానం. అందుకని కొత్త టేపు కొన్న రోజే దాని కొక్కెం విరిచేస్తాడు. సున్నా దగ్గర కాకుండా ఒకటి దగ్గర పట్టుకుని కొలిచి, వచ్చిన అంకెలోంచి ఒక సెంటీమీటరు తీసేసి చెబుతాడు. కొలిచినవాడే ఒకటి తీయాలి, కొట్టేవాడు ఆ అంకెని ముట్టుకోకూడదు. ఇది మా చట్టం. ఆయన చక్రం దగ్గర గొంతుకూర్చుని అరుస్తాడు, నేను కొడతాను. పక్క షెడ్లవాళ్ళు ఎంత వేళాకోళం చేసినా, మా దగ్గర్నుంచి వెళ్ళిన బండి ఏదీ వంకరగా నిలబడలేదు.

అలాంటిది పశువుల డాక్టరమ్మ బండి మా తల ప్రాణం తోకకి తెచ్చింది. కొండ మీది ఊళ్ళకి వెళ్ళడానికి ఆవిడకి అదే దిక్కు. ముందు కుడి మూల కిందికి దిగిందనీ, స్టీరింగు ముందు ఎర్ర దీపం ఆరడం లేదనీ తెచ్చింది. బావ తిత్తుల మీద సబ్బునీళ్ళు పోసి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. అంటే గాలి ఎక్కడా పోవడం లేదు. గాలి కొట్టే కంప్రెసరూ బాగానే ఉంది. "సెన్సార్ పోయిందిరా" అని అది మార్చి, కొలిచి, క్యాలిబ్రేషన్ చేసి పంపించాడు.

వారం తిరక్కుండా బండి మళ్ళీ వచ్చింది. ఈసారి వెనక ఎడమ మూల పైకి లేచి ఉంది. వైర్లన్నీ వెతికాం, సెన్సార్ని పట్టుకునే కడ్డీ వంగిందేమోనని విప్పి చూశాం, ఏమీ దొరక్క మళ్ళీ కొలిచి పంపాం. మూడోసారి వచ్చినప్పుడు ముందు ఎడమ మూల కుంగి ఉంది.

"మేస్త్రిగారూ, దీన్ని నమ్ముకుని లోయ పక్కన నడపాలంటే భయంగా ఉందండీ. మీ వల్ల కాకపోతే చెప్పెయ్యండి, నేనేమీ అనుకోను" అంది డాక్టరమ్మ.

బావ మొహం మాడిపోయింది. ఆ మాట ఆయన జన్మలో పడలేదు. ఆవిడ వెళ్ళగానే టేపు తీసుకుని మొదటి నుంచీ మొదలుపెట్టాడు. నాకెందుకో అనుమానం వచ్చి, లాప్‌టాప్ వదిలేసి ఆయన వెనక నిలబడ్డాను. ముందు కుడి చక్రం దగ్గర టేపు మీద నలభై ఏడు ఉంది. "నలభై ఆరు" అన్నాడు. సరిగ్గానే ఉంది. కుంగిన ముందు ఎడమ చక్రం దగ్గర నలభై ఆరు ఉంది. ఇక్కడ ఒకటి తీయకుండా "నలభై ఆరు" అనే అన్నాడు. వెనక చక్రం దగ్గర పెదాలు కదిలాయి గానీ అంకె బయటికి రాలేదు. టేపు వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఒకటి తీశానా?" అని అడిగాడు.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయన నోట నేను వినలేదు. తీయడం మరిచిపోయిన మూల కుంగుతోంది, రెండుసార్లు తీసిన మూల లేస్తోంది. బండి మాత్రం ఆయన చెప్పింది చెప్పినట్టు వింటోంది.

పెరట్లోకి వెళ్ళి అక్కకి ఫోన్ చేశాను. జరిగింది విని అక్క అసలు సంగతి బయటపెట్టింది.

"స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చి, నీళ్ళు కాగాయా అని అడుగుతున్నాడురా. ఆస్పత్రిలో చూపించాను. మందులిచ్చారు గానీ, తగ్గేది కాదట, పెరిగేదేనట. నీకు చెబితే షెడ్డుకి రానివ్వవేమోనని చెప్పలేదు. ఆ షెడ్డు కూడా లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడో నీకు తెలుసుగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. దాచినందుకు అక్క మీద, అన్నీ తెలిసినవాడిలా తిరుగుతున్నందుకు బావ మీద. దేనికీ పనికిరాని కోపం.

లోపలికి వచ్చేసరికి బావ బోర్లించిన డబ్బా మీద కూర్చుని బండి వంకే చూస్తున్నాడు.

"ఒరేయ్, ఇలా రా. తిత్తి చెడితే జబ్బు ఆ మూలే ఉండాలి కదా?"

"ఉండాలి బావా."

"సెన్సార్ చెడినా అంతే, వైరు తెగినా అంతే. ఇదేమో మనం సెన్సార్ మార్చినప్పటి నుంచీ వచ్చినప్పుడల్లా మూల మారుస్తోంది. అంటే మూలల్లో ఏదీ చెడలేదు. మూలమూలకీ తిరిగేది ఏదో ఉంది చూడూ, అది చెడింది."

"టేపు పాతదైపోయింది బావా" అన్నాను.

"టేపు తప్పయితే నాలుగు మూలలా ఒకే తప్పు రావాలిరా తింగరోడా." నవ్వబోయి ఆగిపోయాడు. కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "అయితే చెడింది నేనేరా."

నాకు ఏడుపు ఆగలేదు. జబ్బుని ఇంత చక్కగా పట్టుకున్న బుర్రకే ఆ జబ్బు రావాలా? ఆయన మాత్రం ఏడవలేదు. లేచి టేపు నా చేతిలో పెట్టాడు.

"ఇంక నాకు ఇవ్వకు. అడిగినా ఇవ్వకు, తిట్టినా ఇవ్వకు. ఆవిడ లోయల పక్కన తిరిగే మనిషి. ఒట్టు వెయ్యి."

ఒట్టు వేశాను. నాలుగు కొలతలూ నేనే తీసి కొట్టాను. ఎర్ర దీపం ఆరిపోయింది, బండి సమంగా నిలబడింది. ఆయన అటు చూడలేదు. కుళాయి దగ్గర గోడవైపు తిరిగి చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బావ ఈల వేసుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. అప్పటికే ఇంకో బండి వచ్చి ఉంది. చొక్కా చేతులు మడుచుకుంటూ, "ఒరేయ్, టేపేది?" అన్నాడు.

ఆట పట్టిస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. నిన్నటిది ఏదీ ఆ మొహంలో లేదు. నువ్వే ఇవ్వొద్దన్నావు బావా అని చెప్పొచ్చు. ఎందుకన్నానని అడుగుతాడు. చెబితే మళ్ళీ తిత్తి దగ్గర మొదలుపెట్టి, సెన్సారూ వైరూ దాటి, నిన్న వచ్చిన చోటికే వచ్చి ఆగుతాడు. ఒకే మనిషికి ఆ కబురు ఎన్ని పొద్దుల చెప్పగలను?

"కనిపించడం లేదు బావా. ఎక్కడ పెట్టానో" అన్నాను.

"నీ మతిమరుపు తగలెయ్యా! పనిముట్టు ఎక్కడ పెట్టావో తెలియనివాడివి నువ్వేం మేస్త్రివిరా?" అని విరుచుకుపడి, తనే వెతకడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు రోజూ ఇదే తంతు. వస్తాడు, అడుగుతాడు, తిడతాడు, బల్లల కిందా టైర్ల వెనకా వెతుకుతాడు. టేపు జేబులో పెట్టుకుని నేనూ ఆయనతో పాటు వంగి వెతుకుతాను.