టాపు మీద దెబ్బ

ఒట్టు పెట్టమని అడగకండి, పెట్టను. ఎవరినీ నమ్మించాల్సిన అవసరం నాకు లేదు. ఆ రాత్రి నేనున్నాను, నా బండి ఉంది, పక్క సీట్లో యాదమ్మ ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను. అంతే.

మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల భవనం కొత్తగా లేచిన రోజులవి. చుట్టూ ఇంకా బండలే. గచ్చిబౌలి దాటాక నాకొక చిన్న నర్సరీ ఉండేది. కొత్త ఆఫీసులకు పచ్చిక, మొక్కలు వేసేదాన్ని. మా ఆయన పోయిన రెండో ఏట, బోర్లు వేసేవాళ్ల దగ్గర ఒక పాత పికప్ కొన్నాను. నాలుగు చక్రాలూ లాగే బండి. రంగు వెలిసిపోయింది. తలుపు రెండుసార్లు గుద్దితే గానీ పడేది కాదు. కానీ ఎంత ఎత్తు గుట్టయినా మేకలా ఎక్కేసేది.

అనంతపురం నుంచి మా మరిది వచ్చాడు. బండిని చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఆడమనిషివి, ఇదేం పని వదినా? నలుగురూ నవ్వుతారు. అమ్మేయ్. మొక్కలు మోసేకి ఆటో పెట్టుకో."

"నా బండి. నేనే తోలుతా," అన్నాను.

ఏదో ఒక రోజు భయపడి తాళాలు తెచ్చి తన చేతిలో పెడతానని అతని ధీమా.

ఆ రోజు ముసురు. మాదాపూర్‌లో మొక్కలన్నీ దింపేసరికి చీకటి పడింది. ఎనిమిది కూడా కాలేదు... కానీ అప్పట్లో అక్కడ ఎనిమిదంటే అర్ధరాత్రే. నా దగ్గర పనిచేసే యాదమ్మది గోపన్‌పల్లి. ఆమెను ఇంటి దగ్గర దింపాలి. పెద్ద రోడ్డేమో పైపుల కోసం తవ్వేశారు. బండల మధ్య మట్టిదారి పట్టాను.

రెండు వైపర్లలో ఒక్కటే పనిచేస్తోంది. టక్... టక్... వెలుగులో వాన తప్ప ఏమీ కనిపించడం లేదు. వెనక తొట్టి ఖాళీ. ఒక తడి గోనెపట్టా, అంతే.

అప్పుడు... సరిగ్గా నెత్తి మీద...

ధన్!

లారీల్లో తిరిగినవాళ్లకు తెలుసు. వెనక నిలబడ్డ కూలీలు టాపు మీద అరచేత్తో కొడతారు. ఒక్క దెబ్బ కొడితే ఆపమని. రెండు కొడితే పోనిమ్మని. అలవాటైన కాలు. దానంతటదే బ్రేకు తొక్కేసింది.

"ఎందుకాపినవ్ అక్కా?" యాదమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పొమ్మని రెండు కొట్టిన్రు గద!"

"ఒకటే కొట్టింది."

"రెండు! నా శెవులతోని విన్న."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కొట్టడానికి అసలు వెనక ఎవరున్నారన్నది అప్పుడు తట్టింది.

టార్చి, జాకీ రాడ్డు తీసుకుని దిగాను. వెనక గోనెపట్టా... వాన. పైనుంచి ఏదైనా పడిందనుకోవడానికి ఒక్క చెట్టు లేదు. టాపు మీద సొట్ట లేదు.

ఎక్కి గేరు వేశాను. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. బండి కదల్లేదు. ఆగిన చోట బురద.

ఆ బండికి ఫోర్ వీల్ వెయ్యాలంటే లోపల చిన్న రాడ్డు లాగితే చాలదు. దిగి, ముందు చక్రాల మధ్యలో ఉండే మూతలను చేత్తో తిప్పి బిగించాలి. మళ్లీ దిగాను. ఎడమది తిప్పాను. కుడి చక్రం దగ్గర కూర్చున్నాను. మూత మీద చెయ్యి వేశాను...

కిర్ ర్ ర్...

వెనక బరువు మోసే ఇనుప పట్టీలు, కమాన్ కట్టలు, మూలిగాయి. మెల్లగా. నా కళ్ల ముందే ముందు బంపర్ పైకి లేచింది. వేలెడంత... రెండు వేళ్లంత... హెడ్‌లైట్ల వెలుగు దారి మీద నుంచి పాకి, ఎదురుగా ఉన్న బండ మీదికి ఎక్కింది.

వెనక బరువు పడితే అలా అవుతుంది. ఒక్క మనిషి ఎక్కితే కాదు. నలుగురో ఐదుగురో ఎక్కితే...

పారిపోవాలనిపించిందా అంటే, అనిపించింది. కానీ బండిని అక్కడ వదిలేస్తే తెలిస్తే మా మరిది ఎలా నవ్వుతాడో కళ్లకు కట్టింది. ఒళ్లు మండింది. మూత బిగించాను. వెనక్కి నడిచాను. చక్రం మీద కాలుపెట్టి తొట్టిలోకి ఎక్కాను.

ఖాళీ.

ఒక చేతిలో రాడ్డు. ఒక చేతిలో టార్చి. కదలకుండా నిలబడ్డాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు... ఏమీ...

క్యాబిన్‌లోంచి యాదమ్మ ఏడుపు గొంతు వినిపించింది. "అక్కా... జర కొట్టుడు ఆపు అక్కా... నా పానం పోతున్నది."

నేను కొట్టడం లేదు. నాకేమీ వినిపించడం లేదు.

గట్టిగా అరిచాను.

"ఎవరైనా సరే! ఇది నా బండి. కూర్చుంటే కూర్చోండి. ఎక్కడ దిగాలో అక్కడ దిగండి. నన్ను మాత్రం దింపలేరు!"

వచ్చి కూర్చుని చిన్న రాడ్డు లాగాను. నాలుగు చక్రాలూ నేలను పట్టుకున్నాయి. బండి బురదలోంచి లేచింది... బరువుగా. ఖాళీ బండి అలా కదలదు. స్టీరింగ్ చేతిలో తేలిపోతోంది, వెనక నిండు లోడున్నట్టు.

"ఎన్కకు సూడకు అక్కా," యాదమ్మ కళ్లు మూసుకుని అంది.

"నేను దారి చూస్తున్నా. నువ్వూ చూడు."

గోపన్‌పల్లి మొదటి వీధి దీపం కనిపించింది. నేను ఆపలేదు. నెమ్మది కూడా చెయ్యలేదు. దీపం కింద దాటుతుండగా... బండి ఒక్కసారిగా తేలికైంది. వెలుగు బండల మీద నుంచి దారి మీదికి దిగింది.

"దిగిన్రు," అంది యాదమ్మ.

ఎవరని నేను అడగలేదు.

మూడు రోజుల్లో ఈ సంగతి మా మరిది చెవిన పడింది. ఫోన్ చేశాడు. "చెప్తినా లేదా వదినా? దాంట్లో ఏదో ఉండాది. ఇంగన్నా అమ్మేయ్."

"ఏమున్నా నా బండిలోనే ఉంది. నీకెందుకు?" అని ఫోన్ పెట్టేశాను.

మెకానిక్ రెండు గంటలు కింద పడుకుని చూశాడు. "అంతా ఠీక్ ఉన్నది అమ్మా" అన్నాడు. బోర్లవాళ్లను అడిగాను. ఆ బండిలో ఎవరికీ ఎప్పుడూ ఏమీ కాలేదన్నారు. ఆ దారిలో ఎప్పుడైనా ఎవరైనా చనిపోయారా అని యాదమ్మ ఊరంతా అడిగింది. ఒక్క పేరూ దొరకలేదు.

ఆ శనివారం చీకటి పడ్డాక ఒక్కదాన్నే వెళ్లాను. అదే మలుపు, అదే బురద. ఇంజన్ ఆపాను. లైట్లు ఆర్పాను. అద్దం దింపుకుని కూర్చున్నాను. పది నిమిషాలు... ఇరవై... కప్పలు అరుస్తున్నాయి. ఇంకేమీ లేదు.

నిజం చెప్పాలంటే అప్పుడు కోపం వచ్చింది. నా బండి ఎక్కి, నా పక్కనున్న మనిషిని ఏడిపించి, నాకు మాత్రం మొహం చూపించకపోవడమేమిటి?

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. యాదమ్మకూ తెలియదు. ఆ శనివారం రాత్రి బండి స్టార్ట్ చేశాను. తల తిప్పి, వెనక అద్దంలోంచి ఖాళీ తొట్టిని తీరిగ్గా చూశాను. చూసి, అప్పుడు గేరు వేశాను.