ఇడెల్లా సమ్నర్ ఇంటిపేరు

ఒక ఇంటిపేరు తెచ్చి పసివాడికి పేరుగా పెడితే, ఆ పేరు బతుకుతుందా, లేక ఆ పసివాడే బతికినంతకాలం దాన్ని మోస్తాడా? ఎన్నేళ్ళు ఆలోచించినా ఈ సంగతి తేలలేదు. ఇడెల్లా సమ్నర్‌ను అడిగి ఉంటే, "మోస్తే ఏం, వాడికి భుజాల్లేవా?" అనేది.

అమెరికాలోని జార్జియాలో పీచ్ పండ్ల తోటల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్ళో మగవాళ్ళ పేర్లలో సగం ఇంటిపేర్లే. తల్లి పుట్టింటి పేరు కొడుక్కి మొదటి పేరవుతుంది. పెళ్ళిలో పోగొట్టుకున్నదాన్ని ఆడది పురిట్లో రాబట్టుకుంటుందన్నమాట. పెళ్ళే చేసుకోనివాళ్ళకు ఆ దారి లేదు. ఇడెల్లా చేసుకోలేదు. మెథడిస్టు చర్చిలో నలభై ఏళ్ళుగా ఆర్గన్ వాయిస్తూ, ఊళ్ళో పిల్లలకు పియానో నేర్పుతూ అరవై ఎనిమిదికి వచ్చింది. ఆమె తమ్ముడు ఒక్క కూతురిని ఇచ్చి పోయాడు. ఆ పిల్ల, మారిబెల్, ప్రేథర్ల కోడలయ్యింది. ఇక సమ్నర్ అన్న మాట ఊళ్ళో మిగిలింది ఇడెల్లా గేటు దగ్గరి తపాలా పెట్టె మీదే.

అందుకే మారిబెల్‌కు నెల తప్పిందని తెలిసిన వారానికే ఇడెల్లా బాప్తిస్మపు గౌను కుట్టి, అంచున నీలం దారంతో 'సమ్నర్' అని అల్లి పంపేసింది.

"ఆడపిల్ల పుడితేనో, అత్తా?"

"పుట్టదు," అంది ఇడెల్లా, తను చెప్పాక ఇక బిడ్డ ఇష్టం ఏముందన్నట్టు.

మగపిల్లాడే పుట్టాడు. కానీ అవతల మారిబెల్ అత్తగారు వర్నా ప్రేథర్ ఉంది. ఆవిడ పుట్టింటివాళ్ళు లడ్లోలు. కొడుక్కి ఆ పేరే పెట్టుకుంది. ఇప్పుడు మనవడు కూడా లడ్లో జూనియర్ కావాలంది.

"ఒకసారి పెట్టుకున్నావు కదా వర్నా, మళ్ళీనా?" అంది ఇడెల్లా. "అందరికీ రాకముందే రెండో కోడికాలు తీసుకున్నట్టుంది."

వర్నా మనసులో పెట్టుకుంది. బాప్తిస్మానికి ముందు ఆదివారం, అందరూ భోజనాల బల్ల దగ్గర ఉండగా, గ్రంథాలయం నుంచి తెచ్చిన పేర్ల పుస్తకం తెరిచింది.

"ఇడెల్లా, మీ వాళ్ళు ఇంగ్లండులో జమీందార్లంటావు కదూ? విను మరి. సమ్నర్ అంటే చర్చి కోర్టు నుంచి జనానికి సమన్లు మోసుకొచ్చే బంట్రోతట. వాణ్ణి చూస్తే ఊరంతా తలుపులేసుకునేదట. పైగా లంచాలు!"

మారిబెల్ భర్త లడ్లో నవ్వాపుకోలేకపోయాడు. "పోనీలే అమ్మా, మనింట్లో ఒకడికైనా కోర్టు ఉద్యోగం వచ్చింది."

మారిబెల్ కూడా నవ్వి, మేనత్త ముఖం చూసి ఆపేసింది.

ఇడెల్లా తీపి ముట్టుకోలేదు. తన పేరును ఇన్నేళ్ళూ వెండి చెంచాలా దాచుకుంది గానీ, వెండో కాదో ఒక్కరోజూ గీకి చూడలేదు. గిన్నెలు కడిగే చోట మారిబెల్‌తో మెల్లగా అంది.

"జూనియర్ అనే పెట్టుకో తల్లీ. ఆ గౌను ఇటివ్వు, అక్షరాలు విప్పేస్తాను. రేపు బళ్ళో పిల్లలు వాణ్ణి ఏడిపిస్తారు."

"మరి లడ్లో అంటే ఏమిటట?"

"ఆ పేజీ మీ అత్తగారు చదవలేదుగా."

"అయినా నువ్వు మాత్రం ఆ బంట్రోతుకేం తీసిపోయావు? పాఠానికి రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళి తలుపు బాదేదానివి. నిన్ను చూసి తలుపులేసుకున్నవాళ్ళను నేనే ఎరుగుదును, అత్తా."

ఇడెల్లాకు నవ్వు రాలేదు. మారిబెల్ గౌను ఇవ్వలేదు, మాటా ఇవ్వలేదు. ఆ వారమంతా ఇడెల్లా ఎవరింటికీ వెళ్ళలేదు.

బాప్తిస్మం రోజున ఆమె ఎప్పటిలాగే జనానికి వీపు పెట్టి ఆర్గన్ ముందు కూర్చుంది. పాస్టరుగారి సైగ కనబడడానికి ఎదురుగా చిన్న అద్దం ఉంటుంది. అందులో వర్నా ముత్యాల దండ, మారిబెల్ టోపీ కనబడ్డాయి. పాస్టరుగారు నీళ్ళలో వేళ్ళు ముంచి బిడ్డ పేరు అడిగారు. వర్నా గడ్డం పైకెత్తింది. ఇడెల్లా అద్దం మీంచి చూపు తిప్పేసుకుంది.

"సమ్నర్," అంది మారిబెల్, చెవిటివాళ్ళకు చెప్పినంత గట్టిగా. "సమ్నర్ లడ్లో ప్రేథర్."

తర్వాతి కీర్తనను ఇడెల్లా రెండు మెట్లు పై శ్రుతిలో ఎత్తుకుంది. నలభై ఏళ్ళలో మొదటి తప్పు. జనం మెడలు సాచి, గొంతులు చించుకుని ఆమె వెంటపడ్డారు. ఆమె ఆగలేదు, దించలేదు.

ఆరాధన అయ్యాక అందరూ పచ్చిక మీదికి చేరారు. ఆ ఊళ్ళో వెళ్ళొస్తానని చెప్పడానికే అరగంట పడుతుంది. చేతులు పట్టుకోవాలి, కేకు పొగడాలి, మళ్ళీ రమ్మనాలి. కిటికీలోంచి వర్నా గొంతు వినబడింది. "ఇడెల్లా ఏదీ? మధ్యపేరుతో సరిపెట్టుకున్నందుకు నన్నొకసారి మెచ్చుకోవద్దూ?"

ఇడెల్లా అద్దంలో చూసుకుంది. కళ్ళు రెండూ ఎర్రబడి ఉన్నాయి. ఈ ముఖం వర్నా చూసిందంటే పదేళ్ళు చెప్పుకుంటుంది. ఆమె టోపీ తీసుకుని, పక్క తలుపు చప్పుడు కాకుండా తెరిచి, ఎవరితోనూ ఒక్క మాటైనా చెప్పకుండా ఇంటిదారి పట్టింది.