ఏడో ప్రశ్నలో పిల్ల

ఆ బడిలో ఆవిడకు అసలు పేరొకటి ఉందని జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ అర్జీలమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆఫీసు గదిలో కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని అర్జీలు రాయడమే ఆవిడ పని. ఏ సంస్థ బడులకు సాయం చేస్తుంది, ఏ ట్రస్టు పుస్తకాలకు ఇస్తుంది కానీ జీతాలకు ఇవ్వదు, ఎవరి గడువు ఏ నెలలో ముగుస్తుంది, ఇవన్నీ ఆవిడకు నోటికొచ్చు. సైన్సు గదిలో బల్లలు, ఆడపిల్లల మరుగుదొడ్లు, కారని పైకప్పు, అన్నీ ఆవిడ రాసి రాసి తెచ్చినవే. హెడ్ మాస్టారు మాత్రం సభల్లో మైకు పట్టుకుని "మా కృషి" అంటారు. ఆ కృషిలో అర్జీలమ్మ ఎక్కడుందో వెతకాలంటే భూతద్దం కావాలి. ఆవిడా పట్టించుకున్నది లేదు.

బడి మొత్తంలో ఆవిడకు ప్రాణం చూపు లేని పిల్లల తరగతి. వరండా చివర పొడవాటి గది, ఎనిమిది మంది పిల్లలు, ఒక మాస్టారు. మాస్టారికీ చూపు లేదు. ఆయన జీతం, బ్రెయిలీ పుస్తకాలు, చుక్కలు గుచ్చడానికి మందపాటి కాగితం, పిల్లల్ని తెచ్చి దింపే వ్యాను, అన్నీ ఒకే ఒక్క ఫౌండేషన్ గ్రాంటు మీద నడిచేవి. ఆ గ్రాంటు ఏటేటా కొత్తగా అడిగి తెచ్చుకోవాలి. ఒక్క ఏడు రాకపోయినా ఆ తరగతి ఎత్తేస్తారు, పిల్లలు మళ్లీ ఇళ్లలో గోడవారగా కూర్చుంటారు. అర్జీలమ్మకు ఆ భయం ఏడాది పొడుగునా ఉండేది.

ఫారంలో పద్నాలుగు ప్రశ్నలు. పదమూడింటికి రిజిస్టర్లు చూసి జవాబులు రాసేయొచ్చు. ఏడోదే గొంతుకు అడ్డం పడేది. "మీ తరగతిలోని ఒక విద్యార్థి కథ రాయండి. పేరు అవసరం లేదు."

మొదటి ఏడాది ఆవిడ నిజాయితీగానే ఎనిమిది ఇళ్ల గడపలూ తొక్కింది. ఒక్కరూ ఒప్పుకోలేదు. "మా పిల్ల చదువుకోడానికి వస్తోంది మేడం. దాని కష్టాలు ఊళ్లో పంచిపెట్టడానికి కాదు" అని ఒక తల్లి మొహం మీదే అనేసింది. అర్జీలమ్మకు కోపం రాలేదు. ఆ తల్లి చోట తనే ఉంటే తలుపు కూడా తీసేది కాదు. కానీ గడువు ఇంకా రెండే రోజులుంది. అప్పుడు చేసింది ఆ పని. ఎనిమిది మందిలోంచీ తలా కాస్త తీసి తొమ్మిదో పిల్లను తయారు చేసింది. ఒకరి ఎడమచేతి వాటం, ఒకరి మొండితనం, ఇంకొకరి సన్నటి గొంతు. పన్నెండేళ్ల వయసు. తండ్రి లేడని రాసింది. గ్రాంటు వచ్చింది.

రెండో ఏడు పోటీ పెరిగింది, ఫారంలో ఆ పిల్ల తల్లి మంచాన పడింది. మూడో ఏడు తల్లి పోయింది. నాలుగో ఏడు ఇల్లు కాలిపోయింది. ప్రతిసారీ గ్రాంటు వచ్చింది. అర్జీలమ్మ ఆ కథలన్నీ రాత్రి భోజనాల దగ్గర చెల్లెలికి చదివి వినిపించేది. పెళ్లీ పెటాకులూ లేని అక్కాచెల్లెళ్లు, రెండు గదుల ఇల్లు. చెల్లెలు బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. నాలుక కత్తెర కంటే పదును.

"నీ చేతిలో పడ్డాక ఆ పిల్ల బతికి బట్టకట్టినట్టే" అనేది చెల్లెలు.

"లేని పిల్లకి కష్టమేంటే?" అని నవ్వేసేది అర్జీలమ్మ.

ఆ నాలుగో ఏడే ఫౌండేషన్ నుంచి పరిశీలకుడు వచ్చాడు. కళ్లజోడు, మెడలో ఐడీ కార్డు, ప్రతిదీ రాసుకునే మనిషి. ఆయన వచ్చిన రోజు అర్జీలమ్మ జ్వరంతో ఇంట్లో పడుకుంది. మర్నాడు ఆయన సంతకాల కోసం మళ్లీ వచ్చినప్పుడు ఆవిడ బల్ల ముందు కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ అమ్మాయితో గంటసేపు మాట్లాడానండి" అన్నాడు. "వెనక బెంచీలో గోడ పక్కన కూర్చుంది. మీరు రాసింది చాలా తక్కువ. ఇల్లు అంటుకున్నప్పుడు గోడలు తడిమి, ఏ గోడ చల్లగా ఉందో ఆ వైపు పాక్కుంటూ బయటపడిందట. అది మీరు రాయనేలేదు."

ఆ చల్లటి గోడ సంగతి అర్జీలమ్మ చిత్తుప్రతిలో రాసి, మరీ ఎక్కువైందని కొట్టేసింది. ఆ కాగితాన్ని ఇంట్లో పొయ్యిలో పడేసింది. చెల్లెలికి కూడా చదివి వినిపించలేదు.

ఆయన వెళ్లగానే వరండా అంతా దాదాపు పరుగు మీద దాటి తరగతి గుమ్మంలో నిలబడింది. లెక్కపెట్టింది. ఎనిమిది మందే. మళ్లీ లెక్కపెట్టింది. వెనక బెంచీ మీద ఇద్దరు పిల్లలు ఒక కొసకు ఒదిగి, ఒకళ్ల మీద ఒకళ్లు పడేట్టు కూర్చున్నారు. గోడవైపు మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

"అంత ఇరుక్కోవడం దేనికి? అటు జరగండమ్మా" అంది.

ఆ ఇద్దరిలో చిన్నదాన్ని అందరూ గిలక అంటారు. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. "అటు అక్క కూర్చుంది కద మేడం" అంది అది, అంత తెలియదా అన్నట్టు.

మాస్టారు తల కూడా తిప్పలేదు. "మంచి సమయానికి వచ్చారు మేడం. తొమ్మిది మందికి ఈ కాగితం చాలడం లేదు. ఈసారి కాస్త ఎక్కువ అడగండి."

"ఎనిమిది మందే కదా మాస్టారూ?"

"రోజూ గొంతులు లెక్కపెట్టుకునేవాణ్ణి నేను. నాకు చెప్తారా?" అని ఆయన నవ్వారు. పిల్లలూ నవ్వారు. అర్జీలమ్మ మాత్రం ఆ నవ్వుల్లో ఎన్ని గొంతులున్నాయో లెక్కపెట్టే ధైర్యం లేక వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత చాలా రోజులు, సాయంత్రం తాళం వేసేటప్పుడు కూడా, ఆ గదిలోకి చూపు పోనివ్వలేదు. అలిసిపోయాను, వయసు మీద పడుతోంది, అని తనకు తనే చెప్పుకుంది. చెల్లెలితో అంటే ఎగతాళి చేస్తుందని నోరు మెదపలేదు. ఇలా నెలలు గడిచి, అయిదో ఏటి ఫారం వచ్చింది. దాంతోపాటు పరిశీలకుడి ఫోనూ వచ్చింది.

"ఈసారి మూడు బడులు అడుగుతున్నాయండి, ఒక్కదానికే ఇస్తారు. మీ మీద అభిమానంతో చెప్తున్నా. ఏడో ప్రశ్న చదివితే గుండె పిండెయ్యాలి."

మధ్యాహ్నం బడి పాఠాల్లో ఉండగా అర్జీలమ్మ రాయడానికి కూర్చుంది. ఇక ఆ పిల్ల దగ్గర తీసుకోవడానికి ఏం మిగిలింది? తండ్రి లేడు, తల్లి లేదు, ఇల్లు లేదు. ఒక్క ప్రాణమే మిగిలింది. ఎనిమిది మంది నిజం పిల్లల కోసం లేని పిల్ల ఒకతె పోతే తప్పేంటి? చెయ్యి తిరిగిన మనిషి కదా, కలం తనంతట తను నడిచింది. చలికాలం, జ్వరం, దుప్పటి కింద కూడా ఆగని వేళ్లు, ఆ వేళ్ల కింద చివరి పాఠం. తను రాసింది తనకే ఏడుపు తెప్పించింది. సిగ్గు లేకుండా, బాగా వచ్చిందని సంబరం కూడా పడింది.

చివరి వాక్యం మిగిలి ఉండగా గుమ్మం దగ్గర గోడను తడుముతున్న చప్పుడైంది. గిలక.

"మేడం, అక్క అడిగి రమ్మంది."

"ఏమని?"

"ఈసారి తనకి ఏం చేస్తారో అడగమంది. ముందే తెలిస్తే అంత భయం ఉండదంట."

అర్జీలమ్మ అరచేయి చెమటకు కాగితం బల్లకు అతుక్కుపోయింది. కిటికీ బయట ఎండ మామూలుగానే ఉంది, పై తరగతిలో ఎవరో ఎక్కాలు వల్లిస్తున్నారు. గిలక జవాబు కోసం మొహం ఎత్తి నిలబడింది. అబద్ధమాడుతున్న పిల్ల మొహం ఎలా ఉంటుందో అర్జీలమ్మకు తెలుసు. అది అలా లేదు.

"ఏమీ చేయనని చెప్పు" అంది చివరికి.

"ఒట్టా?"

"ఒట్టు."

గిలక వెళ్లిపోయాక ఆవిడ ఆ కాగితాన్ని ముక్కలు చేసింది. అంత బాగా రాసినదాన్ని చింపుతున్నందుకు బాధ వేయలేదంటే అబద్ధం. దానికంటే ఎక్కువగా తన చేతిని చూసుకుంటే తనకే భయం వేసింది.

ఆ వారం మళ్లీ ఎనిమిది గడపలూ తొక్కింది. ఈసారి అడిగింది వేరు. పిల్లల కథ తను రాయదు, పిల్లలే రాసుకుంటారు, బ్రెయిలీలో, వాళ్లకు నచ్చింది. మొదటిసారి మొహం మీదే కాదన్న తల్లి గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది, "మీరేం కలపరుగా?"

"ఒక్క మాట కూడా కలపనమ్మా. అసలు నాకు బ్రెయిలీ చదవడమే రాదు."

తల్లి తలుపు వారగా జరిగింది. "సరే, లోపలికి రండి" అంది.

పిల్లలు రెండు రోజులు రాశారు. మాస్టారు దిద్దను, చదవనన్నారు, వాళ్ల మాట వాళ్లదే. కాగితాలను కవర్లో పెట్టే ముందు బొటనవేలితో అంచులు లెక్కపెట్టి "తొమ్మిది" అని అర్జీలమ్మ చేతికిచ్చారు. ఆవిడ ఫారంలో ఏడో ప్రశ్న దగ్గర ఇలా రాసింది: "ఇన్నేళ్లూ నేను రాసిన పిల్ల నా కల్పన. క్షమించండి. ఈసారి పిల్లలే రాశారు. చదవగలిగినవారితో చదివించుకోండి."

సంగతి తెలిసి హెడ్ మాస్టారు ఒంటికాలి మీద లేచారు. "చేజేతులా తరగతిని ముంచావు కదమ్మా!" అన్నారు. ఆవిడకూ అదే భయం. అయిదు వారాలు సరిగ్గా నిద్ర లేదు. పొద్దున్నే వ్యాను దిగుతున్న పిల్లల్ని చూస్తూ, ఈ ఎనిమిది మందినీ నా మాట కోసం రోడ్డున పడేశానా అని కుమిలిపోయింది.

కవరు సాయంకాలం వచ్చింది. వ్యాను వెళ్లిపోయింది, తాళాలు వేయడం అయింది, ఆవిడ సంచీ సర్దుకుంటోంది. లావుపాటి కవరు. నిలబడే చింపింది. గ్రాంటు ఇచ్చారు. ఒక్క ఏడుకు కాదు, మూడేళ్లకు. ఆవిడ కుర్చీలో కూలబడి, ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని మిగతాది చదివింది.

"మీరు ఒక పిల్లను కల్పించానని రాశారు. మా పరిశీలకుడు ఆమెతో స్వయంగా మాట్లాడాడు. పైగా తొమ్మిది కాగితాలూ అందాయి. మీ మాట మాకు అర్థం కాలేదు. అన్నిటినీ టైపు చేయించి జతపరుస్తున్నాం."

పిల్లలు రాసినవి ఒక్కొక్కటే చదివింది. ఒకడు వ్యాను డ్రైవరు దగ్గును బట్టి వాన పడుతుందో లేదో చెప్పేస్తానని రాశాడు. ఒకతె పెద్దయ్యాక రేడియోలో మాట్లాడుతుందట. గిలక కాగితం నిండా తను ఎవరెవరితో మాట్లాడదో జాబితా రాసింది. అర్జీలమ్మ ఏడుస్తూనే నవ్వింది. కష్టాల గురించి ఒక్కరూ రాయలేదు. తొమ్మిదో కాగితం అన్నిటికీ అడుగున ఉంది.

"నాకు నాన్న లేడు. అమ్మ ఉండేది, పోయింది. ఇల్లు ఉండేది, కాలిపోయింది. అవి పోతేనే తరగతి ఉంటుందని తెలిసి ఊరుకున్నాను. ఇప్పుడు చదువు బాగానే వస్తోంది. ఒకటే ఇబ్బంది. అయిదింటికి వ్యాను వస్తుంది, అందరూ వెళ్లిపోతారు. మేడం వచ్చి బయట తాళం వేస్తుంది. నేనెక్కడికి వెళ్లాలో ఎవరూ రాయలేదు."

అర్జీలమ్మ లేచింది. ఎప్పుడు లేచిందో, వరండా ఎలా దాటిందో ఆవిడకే తెలియదు. తాళం తీసింది. తలుపు తీస్తే లోపల బెంచీలు, గోడ మీద సాయంకాలపు వెలుతురు, అంతే. వెనక బెంచీ మీద ఎవరూ కనిపించలేదు. అయినా భయం వేయలేదు. కొన్ని నెలలుగా ఆ గదిలో ప్రతి సాయంత్రం తన చేత్తోనే ఒక పిల్లను పెట్టి తాళం వేసింది. ఆ మాట గుండెలో దిగాక ఇంక వేరే భయానికి చోటు లేకపోయింది.

"నాదే తప్పమ్మా" అంది. "పద, ఇంటికి పోదాం."

తలుపు పట్టుకుని నిలబడింది. చాలాసేపే నిలబడింది. తర్వాత చెయ్యి చాపి, "గుమ్మం ఉంది, చూసుకో. ఇక్కడ మూడు మెట్లు" అని చెప్పుకుంటూ నెమ్మదిగా నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఏమనుకున్నాడో ఆవిడకు పట్టలేదు. దారిలో గుంతలూ, కరెంటు స్తంభాలూ, మలుపులూ అన్నీ పైకే చెప్పింది.

ఇంట్లో మిషను చప్పుడు వినిపిస్తోంది. తలుపు తోయగానే చెల్లెలు తలెత్తి, ఏదో వెటకారం ఆడబోయింది. అక్క మొహం చూసింది. అక్క పక్కన, కాస్త కిందికి, చూసింది. మిషను ఆపింది.

లేచి, ఇంట్లో ఉన్న మూడో కుర్చీ మీది బట్టల గుట్ట తీసి కింద పెట్టింది.